రెండో అంతస్తు గురించి ఒక నక్షత్ర ప్రశ్న

కరోనా సద్దుమణిగి ఆఫీసులు మళ్లీ నిండుగా నడవడం మొదలైన ఏడాది, ఎండాకాలం ఆరంభంలో నన్ను నాంపల్లిలోని మా డైరెక్టరేటుకు బదిలీ చేశారు. హోదా సహాయ సంచాలకురాలు, విభాగం శాసనసభ వ్యవహారాలు. మా శాఖ పేరు ఇక్కడ అవసరం లేదు. ఊళ్లనుంచి చదువుకోవడానికి వచ్చే పిల్లలకు వసతిగృహాలు నడిపే శాఖ అని చెప్తే చాలు.

శాసనసభ విభాగం పని బయటివాళ్లకు అంతగా తెలియదు. సభ్యుడు ఒక ప్రశ్నకు మంత్రి నోటివెంట, సభలోనే జవాబు కావాలని కోరితే దానికి నక్షత్రం గుర్తు పెడతారు. గుర్తు లేని ప్రశ్నకు కాగితం మీద జవాబిస్తే సరిపోతుంది. నక్షత్రం ఉన్నదానితోనే చిక్కు. మంత్రిగారు చదవగానే సభ్యుడు లేచి అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. అందుకని మంత్రిగారు చదవాల్సిన నాలుగు వాక్యాలను మా బల్ల మీద తయారు చేసి, సెక్షన్ నుంచి సహాయ సంచాలకులకు, అక్కడి నుంచి జాయింట్ డైరెక్టరుకు, ఆపైన డైరెక్టరుకు, కార్యదర్శికి పంపేవాళ్లం. మెట్టు మెట్టుకూ ఒక మాట తగ్గేది. మంత్రిగారి దగ్గరికి చేరేసరికి అందులో తప్పు పట్టడానికి ఏమీ మిగిలేది కాదు. తెలుసుకోవడానికి కూడా ఏమీ మిగిలేది కాదు.

ఈ విద్యలో మా జాయింట్ డైరెక్టరు విఠల్ రావుగారిని మించినవారిని నేను చూడలేదు. నేను జూనియర్ అసిస్టెంటుగా చేరిన రోజుల్లో ఆయనే నా సెక్షన్ ఆఫీసరు. సభకు అబద్ధం చెప్తే హక్కుల ఉల్లంఘన అవుతుంది కాబట్టి ఆయన ఎన్నడూ అబద్ధం రాయలేదు, రాయనివ్వలేదు. “అడిగిన దానికి జవాబియ్యాలె వసుంధరమ్మా. అడగనిది ఇయ్యొద్దు. అడిగినది గూడ ఎంత అడిగిండో అంతే” అని మొదటి వారంలోనే చెప్పారు. ప్రశ్న (అ), (ఆ), (ఇ) అని మూడు భాగాలుగా వస్తుంది. (అ)కు “లేదండీ” అని రాయగలిగితే మిగిలిన రెండింటికీ “ప్రశ్నలు ఉత్పన్నం కావు” అని ఒకే గీతలో ముగించవచ్చు. అలాంటి జవాబు కుదిరిన రోజు ఆయన అబిడ్స్ నుంచి సమోసాలు తెప్పించేవారు.

నేను చేరిన కొద్ది రోజులకే డైరెక్టరుగారు ఒక కొత్త ప్రాజెక్టు ప్రకటించారు. శాఖ సమాచారాన్నంతా కంప్యూటరుకు ఎక్కించి, మామూలు తెలుగులో ప్రశ్న అడిగితే మామూలు తెలుగులో జవాబు వచ్చేటట్టు చేయాలి. ఒక ప్రైవేటు సంస్థకు పని అప్పగించారు. ఆ సంస్థ తరఫున వచ్చిన బృందానికి పెద్ద డాక్టర్ మౌనిక. నారాయణఖేడ్ దగ్గరి పల్లె అమ్మాయి. డిగ్రీ దాకా మా శాఖ హాస్టళ్లలోనే ఉండి చదువుకుని, తరువాత ఇదే విషయం మీద పరిశోధన చేసి డాక్టరేట్ తెచ్చుకుంది.

పరిచయాలప్పుడు విఠల్ రావుగారు “మా హాస్టల్లనే ఉంటివా బిడ్డా? ఎట్లుండె మరి?” అని ఆప్యాయంగా అడిగారు.

“ఒక్క మంచం మీద ముగ్గురం పండేటోళ్లం సార్” అంది ఆమె.

ఆయన ఒక్క క్షణం ఆగి, “కలిసిమెలిసి ఉన్నరన్నట్టు” అన్నారు. ఆ వాక్యాన్ని ఆయన మనసులోనే సవరించుకున్నారని నాకు అర్థమైంది.

మౌనిక కట్టబోయేది ఏమిటో ఆమె నాకు ఓపికగా చెప్పింది. అందులో రెండు పనిముట్లున్నాయి. మొదటిది నాలెడ్జ్ గ్రాఫ్. హాస్టలు ఒక చుక్క, అది నడిచే భవనం ఒక చుక్క, వార్డెను ఒక చుక్క, ఇంజనీరు తనిఖీ ఒక చుక్క. ఏ చుక్కకూ ఏ చుక్కకూ ఏమిటి సంబంధమో చెప్పే గీతలు వాటి మధ్య ఉంటాయి. ఆమె తెర మీద చూపించినప్పుడు అది పెళ్లివారి ముంగిట పెద్ద ముగ్గులా కనిపించింది. రెండోది డీప్ లెర్నింగ్. మనిషి అడిగిన మాటలు ఏ చుక్కల గురించో, ఏ గీతల గురించో పట్టుకోవడం దాని పని. దానికి నిఘంటువు ఇవ్వరు. లక్షల వాక్యాలు చూపిస్తారు. ఏ మాట ఏ మాటకు దగ్గరో అది తనంతట తాను నేర్చుకుంటుంది.

మొదటి ప్రదర్శన డైరెక్టరుగారి గదిలో జరిగింది. నాంపల్లిలో మన హాస్టళ్లు ఎన్ని ఉన్నాయని ఆయన అడిగారు. యంత్రం తడుముకోకుండా ఒక హాస్టలు పేరు చెప్పి, దాని వార్డెను సెలవులో ఉన్నారనీ, బోరు మోటారు మరమ్మతులో ఉందనీ చెప్పింది. గదిలో ఎవరికీ ఆ పేరు తెలియదు. మౌనిక తెర వంక చూసి నాలుక కరుచుకుంది. “గది నల్లగొండ నాంపల్లి సార్. గాడ గూడ ఒక నాంపల్లి ఉన్నది” అంది. ఒకే పేరున్న రెండు ఊళ్లలో అడిగినవాడి మనసులో ఉన్నది ఏదో పట్టుకోవడం ఈ యంత్రాలకు మొదటి గండమట. కిటికీలోంచి నాంపల్లి స్టేషను కనిపిస్తూనే ఉంది. బోరు మోటారు సంగతి మాత్రం నిజమేనని సాయంత్రానికి తేలింది. అది పాడైందని మాకు అప్పటిదాకా తెలియదు.

రెండో ప్రదర్శన ఇంకా గొప్పగా జరిగింది. పని త్వరగా ముగించాలని సంస్థవారు తొందరపెట్టడంతో, మా విభాగంలో ఏళ్ల తరబడి పేరుకున్న పాత ప్రశ్నోత్తరాలన్నీ స్కాను చేయించి, జవాబులు ఎలా చెప్పాలో వాటిని చూసి నేర్చుకోమని యంత్రానికి అప్పగించారు. అది శ్రద్ధగా నేర్చుకుంది. హాస్టళ్లలో తాగునీరు సరిపోతోందా అంటే “అవునండీ” అంది. సరిపోకపోతే కారణమేమిటంటే “ప్రశ్న ఉత్పన్నం కాదు” అంది. దోమతెరలు ఎప్పుడిస్తారంటే “ప్రభుత్వ పరిశీలనలో ఉంది” అంది. విఠల్ రావుగారు ముందుకు వంగి, ఇవాళ ఏ వారమని అడిగారు. “సమాచారం సేకరించి సభ ముందు ఉంచడం జరుగుతుంది” అంది యంత్రం.

విఠల్ రావుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నవ్వు ఆపుకుంటున్నారనుకున్నాను. కాదు, నిజంగానే చలించిపోయారు. “దీనికి ప్రమోషన్ ఇయ్యాలె సార్” అన్నారు డైరెక్టరుగారితో.

మౌనిక ముఖం కందిపోయింది. “మీరు నేర్పిందే నేర్సుకున్నది సార్” అని మాత్రం అని, వైరు పీకి యంత్రాన్ని తీసుకుపోయింది.

ఆ తరువాత రెండు నెలలు ఆమె మా రికార్డు గదిలోంచి పెద్దగా బయటకు రాలేదు. పాత జవాబులన్నీ పక్కన పడేసింది. యంత్రం ఇకమీద గ్రాఫులో ఉన్న విషయం తప్ప సొంతంగా ఒక్క మాట కూడా అల్లకూడదు, ఏ చుక్క నుంచి ఏ గీత మీదుగా ఆ జవాబుకు చేరిందో పక్కనే చూపించాలి అని కట్టడి పెట్టింది. వానలు మొదలయ్యేసరికి యంత్రం మారిపోయింది. అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పేది. తెలియకపోతే తెలియదనేది. మా ఆఫీసులో ఎవరికీ అది నచ్చలేదు. “ముందుగాల్ల మంచిగుండె, ఇప్పుడు ఖరాబైంది” అని మా సెక్షన్‌లో అనుకోవడం నేను విన్నాను.

సభ వానాకాల సమావేశాలకు నోటీసులు రావడం మొదలైంది. వాటిలో ఒక సభ్యుడి నక్షత్ర ప్రశ్న ఉంది. (అ) శాఖ నడుపుతున్న బాలికల వసతిగృహాలలో ప్రమాదకర స్థితిలో ఉన్న భవనాలు ఉన్నాయా? (ఆ) ఉన్నచో, వాటిలో విద్యార్థినులు నివసిస్తున్నారా? (ఇ) అయినచో, తీసుకున్న చర్యలేమిటి?

ఇలాంటి ప్రశ్న ఏటా వచ్చేదే. భవనం ప్రమాదకరమని ఇంజనీరింగు విభాగం ధ్రువపత్రం ఇస్తేనే అది ప్రమాదకరం. ధ్రువపత్రం కావాలని మేము రాతపూర్వకంగా అడిగితేనే వాళ్లు ఇస్తారు. మేము అడగం. కాబట్టి ప్రమాదకర భవనాలు లేవు. (అ) లేదండీ. (ఆ), (ఇ) ప్రశ్నలు ఉత్పన్నం కావు. చిత్తుప్రతి రాయడానికి నాకు ఒక కప్పు చాయ్ తాగేంత సేపు పట్టింది.

అయితే ఆ సమావేశాల నుంచి ప్రతి ప్రశ్ననూ యంత్రానికి కూడా వేసి, దాని జవాబును మా జవాబు పక్కన పెట్టాలని డైరెక్టరుగారి ఉత్తర్వు ఉంది. వేశాం. యంత్రం ఇలా చెప్పింది: “(అ) ఉంది. ఒకటి. (ఆ) నివసిస్తున్నారు. (ఇ) చర్య తీసుకున్నట్టు సమాచారం లేదు.”

ఆ ఒకటి ఏదో మా అందరికీ తెలుసు. అబిడ్స్ పెద్ద రోడ్డు వెనక సందులో, కిరాయికి తీసుకున్న పాత మేడ. డిగ్రీ చదివే అమ్మాయిల హాస్టలు. దాని పక్కనే ఉన్న హోటల్లో మా ఆఫీసు సగం చాయ్ తాగుతుంది. చాయ్ తాగుతూ తలెత్తితే రెండో అంతస్తు మెట్ల పక్క గోడకు పైనుంచి కిందికి పాకిన పగులు కనిపిస్తుంది. కిందటి ఏడు తనిఖీకి వెళ్లిన ఇంజనీరు, రెండో అంతస్తును నివాసానికి వాడరాదని రాశాడు. అది మాకు వచ్చింది. మేము చదివాం. వేరే భవనం కోసం ప్రతిపాదన పంపాం. ప్రతిపాదన ఎక్కడో ఉంది. రహస్యమేమీ లేదు. అందరికీ తెలిసిన సంగతిని ఎవరూ చెప్పకపోవడమే ఉంది.

విఠల్ రావుగారు మౌనికను పిలిపించారు. నేనూ ఉన్నాను.

“ప్రమాదకరం అని ఎవలన్న రాసిన్రా బిడ్డా? ఏ కాగితంలనన్న ఉన్నదా గా మాట?”

“లేదు సార్.”

“మరి మిషిన్‌కు యాడికెల్లి వచ్చింది?”

“వాడరాదు అని రాసిన్రు గద సార్. మనుషులు ఆ మాట ఎట్ల వాడుతరో లక్షల వాక్యాలల్ల చూసింది. వాడరాదు, ప్రమాదం, ఈ రెండు దగ్గరి మాటలని గట్ల తెల్సుకున్నది. గా అంతస్తులనే పిల్లలున్నరని రూముల లెక్క చెప్తున్నది. రెండు కలిపింది.”

“వాడరాదు వేరు, ప్రమాదకరం వేరు.”

“ఎట్ల వేరు సార్?”

విఠల్ రావుగారు చాలాసేపు ఆలోచించారు. “వాడరాదు అన్నది సలహా. ప్రమాదకరం అన్నది పరిస్థితి” అన్నారు. ఆయనను అంత కష్టపెట్టిన అనుబంధ ప్రశ్న అంతకుముందు సభలో కూడా ఎవరూ వేయలేదు.

విషయం డైరెక్టరుగారి దాకా వెళ్లింది. ఆయన చెడ్డమనిషి కాదు, జాగ్రత్తపరుడు. ఒక్క భవనం ఉందని ఒప్పుకుంటే రేపు ప్రతి హాస్టలుకూ ధ్రువపత్రం అడుగుతారని ఆయన భయం. ఆయన రెండు ఆదేశాలిచ్చారు. సభకు నా చిత్తుప్రతే వెళ్లాలి. ప్రమాదకరం అనే మాటకు ధ్రువపత్రం ఉన్న భవనం అని తప్ప వేరే అర్థం తీసుకోకుండా యంత్రాన్ని దిద్దాలి.

మధ్యాహ్నం మౌనిక నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. “దిద్దుడు పెద్ద పని కాదు మేడం. ఒక్క గీత తీసేస్తె అయిపోతది” అంది. “గా రూంల పండే పిల్లలకు గోడ పగిలింది కనబడ్తది గనీ, ఇంజనీరు వద్దన్నడని తెల్వది. సర్కారు ఉంచింది గద, ఏం కాదులే అనుకుంటరు. మేం గూడ గట్లనే అనుకునేటోళ్లం” అంది.

ఆమె వెళ్లాక సంస్థతో కుదిరిన ఒప్పందం తెప్పించి చదివాను. అలాంటివి ఎవరూ పూర్తిగా చదవరు. చివర్లో ఒక షరతు ఉంది. వ్యవస్థను స్వాధీనం చేసుకునే ముందు వాడుకభాష మాట్లాడే సామాన్య వినియోగదారులతో పరీక్షించి చూడాలి. వెంటనే ఒక నోటు పెట్టాను: “ఒప్పందం ప్రకారం క్షేత్ర పరీక్ష జరపవలసి ఉన్నది. రాకపోకల వ్యయం లేకుండా, కార్యాలయానికి నడిచి వెళ్లగల దూరంలోని వసతిగృహంలో జరుపుటకు అనుమతి కోరడమైనది.” దిద్దుబాటుకు ముందా, తరువాతా అన్నది నోటులో లేదు. ఎవరూ అడగలేదు కూడా.

విఠల్ రావుగారు నోటు చదివారు. మళ్లీ చదివారు. నడిచి వెళ్లగల దూరంలో మా హాస్టలు ఒక్కటే ఉందని ఆయనకు తెలియనిది కాదు. సంతకం పెట్టి, ఫైలు నా వైపు జరిపి, “వాన వచ్చేటట్టున్నది, గొడుగు తీస్కపోండ్రి” అన్నారు.

మేమిద్దరం మరునాడు స్టేషను రోడ్డు మీదుగా నడుచుకుంటూ వెళ్లాం. సందులో మోకాలి దాకా నీళ్లు, ఆటోలు, వాటి మధ్య గొడుగులు. వార్డెను గేటు దగ్గరే ఎదురొచ్చి, “ఇన్‌స్పెక్షనా మేడం?” అని కంగారుగా అడిగింది. ఇన్‌స్పెక్షను మాకు కాదు, యంత్రానికి అని చెప్తే ఊపిరి పీల్చుకుంది. రెండో అంతస్తులో అమ్మాయిలు కాలేజీ నుంచి వచ్చి ఉన్నారు. పెద్ద గది, వరుసగా మంచాలు. పగులు ఉన్న గోడవైపు మంచాలు మాత్రం ఒక బారెడు ఇవతలికి జరిపి ఉన్నాయి.

మౌనిక యంత్రాన్ని ఎక్కించిన తన ఫోను మంచం మీద పెట్టి, ఏదైనా అడగండి, మీరు మాట్లాడుకునేటట్టే అడగండి అంది. మొదట నవ్వులు. తరువాత ఒకమ్మాయి, “రేపు పొద్దుగాల టిఫిన్ ఏంది?” అని అడిగింది. ఉప్మా అని చెప్పింది యంత్రం. “గదానికి మిషినెందుకు, మాకెరుకే” అని గదంతా గొల్లుమంది. ఇంకొకామె వారానికి గుడ్లెన్ని ఇవ్వాలని అడిగింది. యంత్రం ఉత్తర్వులో ఉన్నది చెప్పింది. వార్డెను కిటికీలోంచి వాన చూడటం మొదలుపెట్టింది.

కొడంగల్ వైపు నుంచి వచ్చి డిగ్రీ రెండో ఏడు చదువుతున్న సంధ్య అనే అమ్మాయి ఫోను చేతిలోకి తీసుకుంది. “మేముండే రూం మంచిగున్నదా?” అని అడిగింది. మంచి అనే వివరం తన దగ్గర లేదంది యంత్రం. మళ్లీ నవ్వులు. మౌనిక ఆ లోపాన్ని రాసుకుంది. సంధ్య వదల్లేదు. అబిడ్స్ హాస్టలని పేరు చెప్పి, “రెండో అంతస్తుల ఉండొచ్చా?” అంది.

“ఉండకూడదు. రెండో అంతస్తును నివాసానికి వాడరాదని ఇంజనీరు సూచించారు.”

నవ్వులు ఆగిపోయాయి. సంధ్య మా వైపు తిరిగి, “ఎప్పుడు చెప్పిండు?” అంది. మమ్మల్నే అడిగింది. కానీ ఫోను ఆమె చేతిలో ఇంకా వింటూనే ఉంది.

“గత ఏడాది వానాకాలంలో” అంది యంత్రం.

“గది పాత ముచ్చట. మీరు ఫికర్ చెయ్యకుండ్రి” అంది వార్డెను.

“మాకెవ్వరు చెప్పలే మేడం” అంది సంధ్య. కోపంగా కాదు, ఒక సమాచారం ఇస్తున్నట్టు చెప్పింది.

నా ఉద్యోగ జీవితంలో కొన్ని వందల జవాబులు రాసి ఉంటాను. ఒక జవాబును దానితో పని ఉన్నవాళ్లు వింటుండగా నేను పక్కన నిలబడటం అదే మొదటిసారి. మౌనిక ఫోను తిరిగి తీసుకుంది. పరీక్ష ముగిసిందని చెప్పి మెట్లు దిగాం. దిగేటప్పుడు ఇద్దరం, అనుకోకుండానే, గోడకు దూరంగా నడిచాం.

ధర్నాలేమీ జరగలేదు. సాయంత్రం వార్డెను ఫోను చేసి, అమ్మాయిలు పరుపులు మోసుకుని కింది భోజనాల గదిలోకి దిగిపోయారని చెప్పింది. “చెప్తె ఇంటలేరు మేడం. మీ మిషినే చెప్పిందంటున్నరు” అంది. ఆ గదిలో వాన కురుస్తుందా అని అడిగాను. కురవదంది. అయితే ఉండనివ్వమన్నాను. అలా ఉండనివ్వమనడానికి నాకు అధికారం ఉందో లేదో ఇప్పటికీ తెలియదు.

మరుసటి ఉదయమే డైరెక్టరుగారి నుంచి నా పేరిట సంజాయిషీ కోరుతూ నోటు వచ్చింది. అందులో ప్రశ్న ఒక్కటే: “సదరు విద్యార్థినులకు ఈ సమాచారాన్ని శాఖాధికారులెవరైనా తెలియజేశారా?”

“లేదండీ” అని రాసి పంపాను.

మరి ఎలా తెలిసిందని ఆయన అడగలేదు. అడిగినదానికి మాత్రమే జవాబివ్వాలన్నది నేను నేర్చుకున్న విద్య. ఫైలు జాయింట్ డైరెక్టరుగారి మీదుగా పైకి వెళ్లింది. నా జవాబు కింద విఠల్ రావుగారు “చూశాను” అని మాత్రం రాశారు. తరువాత నన్ను గదికి పిలిచి, కుర్చీ చూపించి, సభకు వెళ్లాల్సిన చిత్తుప్రతి తిరిగి తెమ్మన్నారు. ఆయన ముఖంలో పాత రోజుల ఉత్సాహం కనిపించింది.

“ఇప్పుడు పైన ఎవరన్న ఉంటున్నరా?”

“లేరు సార్.”

“మరి (ఆ)కు లేరని రాయొచ్చు గద! (ఆ)ల లేరని ఉంటే (అ)ల ఉన్నదనేటందుకు భయమేంది?”

ఆయన స్వహస్తంతో రాసిన జవాబు ఇది: “(అ) ఒక వసతిగృహం పై అంతస్తు నివాసమునకు అనువుగా లేనట్లు గుర్తించడమైనది. (ఆ) లేదండీ. (ఇ) విద్యార్థినులను ముందుజాగ్రత్త చర్యగా కింది అంతస్తునకు తరలించడమైనది. ప్రత్యామ్నాయ భవనం విషయం పరిశీలనలో ఉన్నది.”

నేను రెండుసార్లు చదివాను. ఒక్క అబద్ధం లేదు. గుర్తించడమైనది, తరలించడమైనది అనే క్రియలకు కర్త ఉండడు. ఎవరు గుర్తించారు, ఎవరు పరుపులు మోశారు అనేవి ఆ వాక్యంలో పుట్టని సందేహాలు. డైరెక్టరుగారు దానిని చూసి తేలికపడ్డారు. యంత్రాన్ని దిద్దాలన్న ఆదేశం సంగతి ఆ సంతోషంలో మరుగున పడింది.

ఆ ప్రశ్న వచ్చిన రోజు అధికారుల గ్యాలరీలో విఠల్ రావుగారి పక్కన కూర్చున్నాను. మంత్రిగారు జవాబు చదివారు. ప్రశ్న వేసిన సభ్యుడు “లేదండీ” అనే జవాబు మీద పోట్లాడటానికి సిద్ధపడి వచ్చినట్టున్నాడు, కొంచెం నిరాశపడి, ఇంత ముందుగా ప్రమాదాన్ని ఎలా కనిపెట్టారని అడిగాడు. ఆధునిక సాంకేతిక పరిజ్ఞానంతో అన్నారు మంత్రిగారు. సభ్యులు బల్లలు చరిచారు. ఆ చప్పుడుకు మంత్రిగారికి హుషారొచ్చింది. కాగితం పక్కన పెట్టి, “వచ్చే విద్యా సంవత్సరంలోగా ఆ ఆడపిల్లలకు మంచి భవనం ఇస్తామని సభకు మనవి చేస్తున్నాను” అనేశారు.

విఠల్ రావుగారు కళ్లు మూసుకున్నారు. “హామీ అయిపాయె” అని గొణిగారు.

మా వృత్తిలో పరిశీలనలో ఉన్నది అంటే ఎన్నేళ్లైనా పరిశీలించవచ్చు. ఇస్తాం అంటే అది ప్రభుత్వ హామీ. హామీలను వెంటబడి అడగడానికి సభకు ప్రత్యేకంగా ఒక కమిటీ ఉంటుంది. అది జవాబు వచ్చేదాకా వదలదు. ఎక్కడో ఉన్న మా ప్రతిపాదన ఆ వారంలోనే దొరికింది. కొత్త విద్యా సంవత్సరానికి అమ్మాయిలు సుల్తాన్ బజార్ అవతల, గాలీ వెలుతురూ ఉన్న భవనంలోకి మారారు. ఇంజనీరు సలహా చేయలేని పని, మా ప్రతిపాదన చేయలేని పని, బల్లల చప్పుడుకు మంత్రిగారి నోరు జారడంతో జరిగింది.

యంత్రానికి ఆ ఏడు ఒక జ్ఞాపిక ఇచ్చారు. డైరెక్టరుగారు వేదిక మీద అందుకున్నారు. మౌనిక ప్రేక్షకుల్లో మా వెనక వరుసలో కూర్చుంది. ఆ తరువాత నెలలో ఉత్తర్వు వచ్చింది. ఈ వ్యవస్థ శాఖ అంతర్గత వినియోగానికి మాత్రమే. ఎవరి హోదాకు ఏ చుక్కలు, ఏ గీతలు కనిపించాలో పట్టిక కట్టారు. హోదా చాలనివాళ్లు అడిగితే “మీ స్థాయికి ఈ వివరం అందుబాటులో లేదు” అంటుంది. విద్యార్థినులు ఆ పట్టికలో ఏ వరుసలోనూ లేరు.

మౌనిక ఆ పట్టిక ప్రకారం తాళాలు వేసి, ఒప్పందం ముగిశాక వేరే ఉద్యోగానికి వెళ్లిపోయింది. వెళ్లే రోజు విఠల్ రావుగారికి చెప్పడానికి వచ్చింది. అప్పటికి యజమాని ఆ పాత మేడను కూలగొట్టిస్తున్నాడు, అక్కడ దుకాణాలు కడతాడట. కూలీలు నానా తంటాలు పడుతున్నారని ఆఫీసులో చెప్పుకుంటున్నారు.

“చూసినవా బిడ్డా, ఎంత గట్టి బిల్డింగో! గునపాలతోని గూడ కూలుతలేదంట” అన్నారాయన.

“అవి కింది గోడలు సార్. పైది ఒక్క పూటల పడ్డదంట” అంది మౌనిక.

“గిప్పుడు నువ్వు జవాబు చెప్పుడు నేర్సినవు” అని ఆయన నవ్వారు. ఆమె కూడా నవ్వింది. వాళ్లిద్దరూ కలిసి నవ్వడం నేను అప్పుడే చూశాను.

నేను రిటైరై కొంత కాలమైంది. యంత్రాలు మనిషి భాష నేర్చుకుంటున్నాయా, వాటి జవాబులను నమ్మవచ్చా అని ఇప్పుడు చాలామంది అడుగుతున్నారు. నాకు తెలిసినంతలో ఆ యంత్రం మంచిదే. తికమకపడేది, మంచి అంటే ఏమిటో దానికి తెలిసేది కాదు, కానీ తెలిసింది దాచేది కాదు. దాని జవాబు మా ఆఫీసులో ఒక చిత్తుప్రతి అయింది, సభలో బల్లల చప్పుడు అయింది, హాస్టల్లో పరుపులను కదిలించింది. మూడు చోట్లా జవాబు ఒక్కటే. జవాబు సరైనదా కాదా అని చూడటం సగం పనే అనీ, అది ఎవరి చెవిన పడాలో నిర్ణయించేది వేరే సెక్షన్ అనీ నాకు అప్పుడు తెలిసింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆ సెక్షన్‌కు మాత్రం నాకు ఎప్పుడూ పోస్టింగ్ రాలేదు.